ముట్టు విషం: ఒక నమ్మకం ప్రయోగశాల దాకా నడిచిన కథ

1919లో వియన్నా నగరంలో బేలా షిక్ అనే పిల్లల వైద్యుడికి ఎవరో తాజా గులాబీల గుత్తి తెచ్చి ఇచ్చారు. నీళ్లలో పెట్టమని ఆయన పనిమనిషికి అందించాడు. మర్నాడు పొద్దున చూస్తే పూలన్నీ వాడి, రేకులు రాలిపోయి ఉన్నాయి. ఏమైందని అడిగితే, ఇలా అవుతుందని తనకు ముందే తెలుసనీ, నెలసరి రోజుల్లో తాను ముట్టుకున్న పూలు నిలవవనీ ఆమె చెప్పింది. తెలుగు పల్లెల్లో ఈ మాట ఎవరికీ వింతగా తోచదు. ఆ మూడు రోజులూ మల్లెతీగ దగ్గరికి పోకూడదనీ, తులసికోటకు నీళ్లు పోయకూడదనీ తరతరాలుగా చెబుతూ వచ్చినవాళ్లం మనం. షిక్ మాత్రం అమ్మమ్మల కథలు విని తలాడించే మనిషి కాడు. ముంజేతి చర్మంలోకి కొద్దిపాటి విషపదార్థం ఎక్కించి, అక్కడ ఎర్రబడితే ఆ బిడ్డకు డిఫ్తీరియాను తట్టుకునే శక్తి లేదని తేల్చే పరీక్షను 1913లో లోకానికి ఇచ్చినవాడు. ఆ పరీక్ష ఆయన పేరుతోనే దేశదేశాల్లో వాడుకలోకి వచ్చింది, ఎందరో పిల్లల ప్రాణాలు కాపాడింది. చర్మం మీద మరకను చూసి ఒంట్లో సంగతి చెప్పగలిగినవాడు పనిమనిషి మాటను తీసిపారేయలేదు, పరీక్షకు పెట్టాడు.

నెలసరిలో ఉన్న స్త్రీల చేతికీ, లేని స్త్రీల చేతికీ పూలిచ్చి ఎవరి చేతిలోవి ముందు వాడతాయో చూశాడు. రొట్టె పిండి కలిపించి ఎవరు కలిపినది బాగా పొంగుతుందో చూశాడు. నెలసరి రోజుల్లో స్త్రీల చెమటలో, రక్తంలో ఒక విషం ఉంటుందనీ, అది చర్మం మీదికి వస్తుందనీ తేల్చి 1920లో వియన్నా వైద్య పత్రికలో వ్యాసం రాశాడు. ఆ ఊహకు మెనోటాక్సిన్ అనే పేరు స్థిరపడింది. ముట్టు విషం అన్నమాట. యాభై ఏళ్లకు పైగా వైద్యలోకం ఆ విషాన్ని వెతుకుతూనే ఉంది. ఆ వెతుకులాటను మొదటి నుంచీ చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. నెలసరి వేళ ఆడదాని చర్మం పూలకేం చేస్తుంది, పిండికేం చేస్తుంది, పచ్చడికేం చేస్తుంది, పుట్టబోయే బిడ్డకేం చేస్తుంది అని శాస్త్రాలూ ఆచారాలూ ప్రయోగశాలలూ వేల ఏళ్లుగా అడిగాయి. ఆ చర్మం మోసే మనిషికి ఏమవుతోందన్న ప్రశ్న మాత్రం చిట్టచివరికి వచ్చింది. ఈ ఆలస్యం ఎవరో ఒక వైద్యుడి పొరపాటు కాదనీ, ప్రశ్నను ఎవరి వైపు నిలబడి అడిగామన్న దానిలోనే దోషం ఉందనీ నా వాదన.

పాత లెక్కలు చూద్దాం. నెలసరిలో ఉన్న స్త్రీ అద్దంలోకి చూస్తే దాని మీద ఎర్రటి మసక కమ్ముతుందని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కలల గురించిన తన గ్రంథంలో రాశాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ఆ జాబితాను చాలా పెంచాడు. ఆమె దగ్గరికి వస్తే కొత్త ద్రాక్షసారా పులిసిపోతుంది, విత్తనం మొలవదు, చెట్టు కాయ రాలుతుంది, తేనెటీగలు చస్తాయి, కత్తి పదును పోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. అదే ప్లినీ మరోచోట, ఆమె చేను చుట్టూ తిరిగితే పైరును తినే పురుగులు రాలి పడతాయని కూడా రాశాడు. చెట్టు కాయను రాల్చే శక్తే పంటను కాపాడుతుందట. ఒకే కారణం నుంచి చెడూ మంచీ రెండూ పుడతాయని చెప్పే మాటను అబద్ధమని నిరూపించడం ఎవరి వల్లా కాదు. ఏం జరిగినా అది దానికి సాక్ష్యమే అవుతుంది. అందుకే ఈ నమ్మకం అంతకాలం బతికింది. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ప్లినీ జాబితాలో సారా ఉంది, తేనెటీగ ఉంది, కత్తి ఉంది. నొప్పితో కడుపు పట్టుకుని కూర్చున్న ఆడమనిషి మాత్రం అందులో లేదు.

మన దగ్గరి సంగతీ ఇదే. తైత్తిరీయ సంహితలో ఒక కథ ఉంది. ఇంద్రుడు పురోహితుడైన విశ్వరూపుణ్ణి చంపి బ్రహ్మహత్య మూటగట్టుకున్నాడు. ఆ పాపాన్ని మూడు వాటాలు వేసి నేలకూ, చెట్లకూ, స్త్రీలకూ పంచాడు. స్త్రీల వాటా నెలసరిగా మారింది. కథ వెంటే మూడు రాత్రుల నియమాలు వస్తాయి. ఆ రోజుల్లో స్నానం చేస్తే పుట్టే బిడ్డ నీళ్లలో పడి చనిపోతాడు, తల దువ్వుకుంటే బట్టతల వాడవుతాడు, కాటుక పెట్టుకుంటే గుడ్డివాడవుతాడు, గోళ్లు తీసుకుంటే వికారమైన గోళ్లతో పుడతాడు. ఒంటికి నూనె రాసుకుంటే చర్మరోగంతో పుడతాడు. సుశ్రుత సంహిత కూడా శారీరస్థానంలో ఇలాంటి పట్టికే ఇస్తుంది, నూనె రాసుకున్నదాని బిడ్డకు కుష్ఠు వస్తుందంటుంది. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది తైత్తిరీయ శాఖే కాబట్టి ఈ నియమాలకూ మన ఇళ్లలో నిన్నమొన్నటి దాకా సాగిన ఆచారానికీ నేరుగా చుట్టరికం ఉంది. నూనె, స్నానం, దువ్వెన, కాటుక, గోళ్లు, అన్నీ ఒంటి పైభాగానికి చేసే సేవలే. చర్మం గురించి ఇంత వివరంగా మాట్లాడిన ఆ పట్టికలో రోగం ఎవరికి వస్తుందని చెప్పారు? పుట్టని బిడ్డకు. మూడు రోజులు నీళ్లూ నూనే లేకుండా, ఎండాకాలపు ఉక్కలో, తడి గుడ్డతో కూర్చున్న తల్లి చర్మానికి ఏమవుతుందో అక్కడ ఒక్క మాటైనా లేదు.

మన ఆచారం అంతా ఒకే రంగులో ఉందనుకోవడమూ సరికాదు. పిల్ల మొదటిసారి పెద్దమనిషి అయినప్పుడు చాలా కులాల్లో దాన్ని పండగలా జరుపుతారు. చాప మీద విడిగా కూర్చోబెడతారు, నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి పెడతారు, ముత్తయిదువలు అక్షింతలు వేస్తారు, చివరి రోజున నలుగు పెట్టి పసుపు రాసి తలంటి పోస్తారు. శెనగపిండి, పెసరపిండి, పసుపు కలిపిన నలుగు ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా నిలిచిన చర్మ సంరక్షణే. ఎదిగే పిల్ల ఒంట్లో మార్పు వస్తోందని, దానికి తిండీ ఒంటి పోషణా కావాలని ఆ ముత్తయిదువలకు తెలుసు. కానీ ఆ శ్రద్ధ అక్కడితోనే ఆగిపోయింది. మరుసటి నెల నుంచి అదే పిల్లకు దక్కింది విడి కంచం, విడి చాప, వంటింటి గడప అవతలి చోటు. పసుపు రాసిన చేతులే ఆవకాయ జాడీ వైపు పోవద్దని చెప్పాయి.

ఈ జాడీ సంగతి కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే నమ్మకం బతికేది ఇలాంటి చోటే. ఆవకాయ నిలవ ఉండేది ఉప్పు, పులుపు, ఆవపిండి ఘాటు, పైన తేలే నూనె వల్ల. ముక్కను తడి లేకుండా తుడవాలి, ఉప్పు తగ్గకూడదు, జాడీ ఎండలో ఆరి ఉండాలి, ముక్క నూనెలో మునిగి ఉండాలి, గరిటెకు చెమ్మ ఉండకూడదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా పైన బూజు కడుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో బూజు చెప్పదు, అది కనిపించేసరికి వారాలు గడిచిపోతాయి. అప్పుడు కారణం వెతికే ఇంట్లో అయిదుగురు ఆడవాళ్లు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి ఇరవై ఎనిమిది రోజుల్లో నాలుగు రోజులు నెలసరి అని లెక్కేస్తే, ఏ రోజు తీసుకున్నా ఆ ఇంట్లో ఎవరో ఒకరు ముట్టులో ఉండే అవకాశం సగానికి పైనే ఉంటుంది. పచ్చడి ఎప్పుడు పాడైనా దోషం మోపడానికి మనిషి దొరుకుతుంది. పాడవకపోతే ఎవరూ లెక్క చూడరు. ఉమ్మడి కుటుంబాల్లో ఈ నమ్మకం ఏటేటా రుజువవుతున్నట్టు కనిపించడానికి ఇంతకంటే రహస్యమేమీ అక్కర్లేదు.

ఇది తెలుగు వంటింటికే పరిమితమైన మాట కాదు. 1878లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వైద్యులు ఒక చర్చ నడిపారు. పంది తొడ మాంసాన్ని ఉప్పునీటిలో ఊరవేసే పనిని నెలసరిలో ఉన్న స్త్రీ చేస్తే ఆ మాంసం పాడవుతుందా అన్నది ప్రశ్న. పాడవుతుందని నమ్మి రాసినవాళ్లు ఉన్నారు. ఉత్తర ఫ్రాన్సులోని చక్కెర కర్మాగారాల్లో నెలసరి స్త్రీలను లోపలికి రానిచ్చేవారు కాదని ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా తన 1949 నాటి పుస్తకంలో నమోదు చేసింది. ఊరవేసిన మాంసం, పచ్చడి, ద్రాక్షసారా, రొట్టె పిండి, చక్కెర పాకం, కోసిన పువ్వు. ఇవన్నీ తమంతట తామే చెడిపోగలిగినవి, లేదా ఒక చిన్న తేడాతో చెడిపోయేవి. సముద్రాలకు అటూ ఇటూ ఒకరితో ఒకరికి పరిచయం లేని జనం ఇలాంటి వస్తువుల విషయంలోనే ఒకే నింద మోపారంటే, ఆ నిందకు మూలం వస్తువు తీరులో ఉందని తెలుసుకోవాలి. ఆడవాళ్ల చేతిలో ఏదో ఉందనడానికి ఈ పోలిక సాక్ష్యమని కొందరు వాదిస్తారు. నిజంగా చేతిలోనే విషం ఉంటే అది పచ్చడినీ పువ్వునీ వెతుక్కుని ఆగదు. చంకన ఉన్న బిడ్డ ఒంటికీ, పాలిచ్చే గేదె పొదుగుకూ కూడా అంటాలి.

షిక్ ప్రయోగంలో లోపం ఎక్కడుందో ఇప్పుడు తేలిగ్గా చెప్పగలం. ఎవరు నెలసరిలో ఉన్నారో పూలను చూసి తీర్పు చెప్పేవాడికి ముందే తెలుసు. పరీక్షకు వచ్చిన స్త్రీలు కొద్దిమంది. కోసిన పువ్వు అరచేతి వెచ్చదనానికీ, పట్టుకున్న తీరుకూ, కాడ ఎంతసేపు నీళ్లు లేకుండా ఉందన్నదానికీ వాడుతుంది. 1921లోనే జర్మన్ వైద్య పత్రికల్లో ఈ విషాన్ని ప్రశ్నిస్తూ వ్యాసాలు వచ్చాయి. అయినా ఊహ చావలేదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మాక్ట్ అనే ఔషధ శాస్త్రవేత్త 1920ల్లో దాన్ని మొక్కల మీదికి తీసుకెళ్లాడు. లూపిన్ గింజల మొలకలను నెలసరి స్త్రీల నుంచి తీసిన రక్తరసం, చెమట, లాలాజలం కలిపిన నీళ్లలో ఉంచి వేళ్లు ఎంత పొడవు పెరిగాయో కొలిచాడు, పెరుగుదల తగ్గిందని ప్రకటించాడు. మాక్ట్ నిష్ఠగల యూదు పండితుడు కూడా. తర్వాతి కాలంలో బైబిలు ఆహార నియమాలు శాస్త్రీయంగా సరైనవేనని చూపడానికి ఇలాంటి మొలకల పరీక్షలే చేశాడు. నెలసరిలో ఉన్న స్త్రీ ఏడు రోజులు అశుచి అని చెప్పే లేవీయకాండం ఆయన చదివే గ్రంథమే. ఆయన మోసం చేశాడని నేను అనను. దొరకాలనుకున్నది దొరికేలా కొలతలు పెట్టుకోవడం నిజాయితీపరులు కూడా తెలియకుండానే చేసే పని.

అక్కడి నుంచి ఒక ప్రమాదకరమైన చక్రం మొదలైంది. 1940లో ఆష్లీ మాంటెగ్యూ అనే మానవ శాస్త్రవేత్త లోకంలోని నెలసరి నిషేధాలకు మూలం చెబుతూ మెనోటాక్సిన్ పరిశోధనలను ఆధారంగా తీసుకున్నాడు. జనం నమ్మారు కాబట్టి వైద్యులు వెతికారు, వైద్యులు దొరికిందన్నారు కాబట్టి జనం నమ్మకానికి కారణం ఉందని పండితులు తేల్చారు. బోస్టన్‌లో ఆలివ్, జార్జ్ స్మిత్ దంపతులు 1940ల్లో నెలసరి స్రావాన్ని ఎలుకలకు ఎక్కిస్తే అవి చచ్చాయి. ఇక విషం ఉన్నట్టే అనిపించింది. 1953లో జెరూసలేంలో బెర్న్‌హార్డ్ జోండెక్ ఆ పరీక్షనే మళ్లీ తీసుకుని సూక్ష్మజీవులను చంపే మందులు కూడా ఇచ్చాడు. జంతువులు బతికాయి. వాటిని చంపింది ముట్టు విషం కాదు, శరీరం బయటికి వచ్చే దారిలో స్రావంలో చేరిన బాక్టీరియా. జోండెక్ అనామకుడేమీ కాదు. గర్భాన్ని నిర్ధారించే తొలి నమ్మకమైన పరీక్షను 1920ల చివర్లో సహచరుడు ఆష్‌హైమ్‌తో కలిసి కనిపెట్టినవాడు. అయినా ఆయన జవాబుతో వెతుకులాట ఆగలేదు. మెనోటాక్సిన్ వేట మీద 1977లో కూడా లాన్సెట్ పత్రిక ఒక వ్యాసం ప్రచురించాల్సి వచ్చింది.

ఆ 1977 వ్యాస రచయితల్లో ఒకరైన వెర్నన్ పికిల్స్ చేసిన అసలు పనే ఈ కథలో మలుపు. ఆయన 1957లో నెలసరి స్రావంలో నిజంగానే ఒక చురుకైన పదార్థాన్ని పట్టుకున్నాడు. అది కండరాన్ని బిగిస్తుంది. తర్వాతి ఏళ్లలో అందులో ఉన్నవి ప్రోస్టాగ్లాండిన్లని తేలింది. అవి ఏ పువ్వునూ వాడ్చవు, ఏ పచ్చడికీ బూజు పట్టించవు. అవి గర్భాశయ కండరాన్ని పిండుతాయి, ఆ నొప్పి అనుభవించేది ఆ స్త్రీయే. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని చూపాడు, ఆ పరిశోధనకు 1982లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఈ రోజు నెలసరి నొప్పికి మందుల షాపులో దొరికే మెఫెనమిక్ యాసిడ్ మాత్ర పనిచేసే తీరు ఇదే. వేల ఏళ్లు ఇతరులకు హాని చేసే విషం కోసం వెతికారు. ఆమెకేం జరుగుతోందని చూసిన మొదటి తరంలోనే కారణమూ మందూ రెండూ దొరికాయి. సరైన వైపు నుంచి అడిగిన ప్రశ్న ఎంత త్వరగా ఫలిస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు కనిపించదు.

చర్మం విషయంలోనూ అలాంటి ప్రశ్న అడిగినవాడు షిక్ కాలంలోనే ఒకడున్నాడు. 1921లో, షిక్ వ్యాసం వచ్చిన మరుసటి ఏడే, గేబర్ అనే చర్మవైద్యుడు ప్రతినెలా నెలసరి వేళ ఒళ్లంతా దద్దుర్లు వచ్చే ఒక రోగి గురించి రాశాడు. నెలసరికి ముందు తీసిన ఆమె రక్తరసాన్ని ఆమెకే ఎక్కిస్తే దద్దుర్లు మళ్లీ తేలాయి. అంటే ఆ రోజుల రక్తంలో ఉన్నదేదో ఆమె చర్మాన్నే బాధిస్తోంది. ఇది షిక్ చూసిన అదే కాలం, అదే రక్తం, అదే చర్మం. కానీ గేబర్ ఆమె చేతికి పూలు ఇవ్వలేదు, ఆమె ఒంటిని చూశాడు. ఇలాంటి కేసుల్లో ప్రొజెస్టరోన్ హార్మోన్ మీదే శరీరం తిరగబడుతుందని గుర్తించి ఆ జబ్బుకు పేరు పెట్టడానికి 1964 దాకా పట్టింది, అమెరికాలో షెల్లీ బృందం ఆ పని చేసింది. పూలు వాడతాయన్న మాట యాభై ఏళ్లు పత్రికల్లో నలిగింది. దద్దుర్లతో బాధపడే మనిషి వైపు చూపు మళ్లడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

ఇప్పుడు తెలిసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. నెలసరి చక్రం మొదటి సగంలో ఈస్ట్రోజన్ పెరుగుతుంది, అండం విడుదలయ్యాక ప్రొజెస్టరోన్ పైకి లేస్తుంది, రెండూ పడిపోయాక రక్తస్రావం మొదలవుతుంది. చర్మం కింది నూనె గ్రంథులు హార్మోన్ల మాట వింటాయి. 1973లో ఇంగ్లండులో విలియమ్స్, కన్‌లిఫ్ అనే పరిశోధకులు నెలసరి చక్రంలో పదిహేనో రోజు నుంచి ఇరవయ్యో రోజు మధ్య ఆ నూనె బయటికి వచ్చే రంధ్రాలు బాగా ఇరుకవుతాయని లాన్సెట్‌లో చూపారు. దారి ఇరుకైతే నూనె లోపలే నిలిచిపోతుంది, కొన్ని రోజులకు మొటిమగా తేలుతుంది. 2001లో అమెరికాలో 400 మంది స్త్రీలను అడిగితే 44 శాతం మంది నెలసరికి ముందు తమ మొటిమలు ముదురుతాయన్నారు. ముప్పై మూడేళ్లు దాటినవారిలో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ. 2004లో వచ్చిన మరో అధ్యయనం మాట మీద ఆధారపడకుండా 41 మంది ముఖాల మీద మొటిమలను లెక్కపెట్టింది, 63 శాతం మందిలో నెలసరికి ముందు వాచిన మొటిమలు సుమారు పాతిక శాతం పెరిగాయి. ఈ లెక్కల్లో అసలు విషయం తేదీల్లో ఉంది. చర్మంలో గొడవ ముదిరేది రక్తస్రావానికి ముందు వారం. రక్తం కనిపించేసరికి హార్మోన్లు పడిపోయి ఉంటాయి, చాలామందిలో చర్మం కుదుటపడటం మొదలవుతుంది. ఆచారం మాత్రం సరిగ్గా ఆ రోజు నుంచే ఆమెను దూరం కూర్చోబెడుతుంది. నిషేధపు క్యాలెండరుకూ శరీరపు క్యాలెండరుకూ పొంతన లేదు. చర్మంలో నిజంగా జరిగే మార్పును గమనించి పుట్టిన ఆచారమైతే వారం ముందే మొదలయ్యేది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. ఆ మూడు రోజులూ పని నుంచి విశ్రాంతి ఇవ్వడానికే పెద్దలు ఈ ఏర్పాటు చేశారంటారు. విశ్రాంతి అవసరమన్న మాటలో నిజముంది, ఆ మాట అన్నవాళ్లలో చాలామంది మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ విశ్రాంతి ఎవరికి దక్కింది? వంటింట్లో మరో మనిషి ఉన్న ఇంటి ఆడవాళ్లకు. నాట్లు వేసే, కలుపు తీసే, కోతలు కోసే కూలి స్త్రీకి నెలసరి అని చెప్పి కూలి పోగొట్టుకునే వీలు ఏనాడూ లేదు. పైగా విశ్రాంతి ఉద్దేశమైతే మంచం ఇవ్వాలి, వేడినీళ్లు ఇవ్వాలి, కడుపునిండా తిండి పెట్టాలి. విడి కంచంతో, విడి చాపతో పనేముంది? నేపాల్ పశ్చిమ కొండల్లో ఛౌపది పేరుతో నెలసరి స్త్రీలను గుడిసెల్లోకి పంపితే పాముకాటుతో, పొగకు ఊపిరాడక చనిపోయినవారున్నారు. అక్కడి సుప్రీంకోర్టు 2005లో ఆ ఆచారాన్ని నిషేధించింది, అయినా ఆగకపోతే 2017లో దాన్ని నేరంగా చేస్తూ చట్టం తెచ్చారు. మరోవైపు బీహార్ ప్రభుత్వం 1992 నుంచి తన ఉద్యోగినులకు నెలకు రెండు రోజుల జీతంతో కూడిన సెలవు ఇస్తోంది. అంటరానితనం లేకుండా విశ్రాంతి ఇవ్వడం సాధ్యమేనని మనదేశమే మూడు దశాబ్దాలుగా చూపిస్తోంది.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. ఆడవాళ్లే చెబుతున్నారు కదా, పనిమనిషి తానే ఒప్పుకుంది కదా, మా అమ్మమ్మ కళ్లారా చూసింది కదా అంటారు. అనుభవాన్ని గౌరవించాలి, నిజమే. కానీ చిన్నప్పటి నుంచి చెవిలో పోసిన మాట అనుభవాన్ని ఎలా మలుస్తుందో కూడా చూడాలి. వాడిన పువ్వు గుర్తుంటుంది, వాడనిది గుర్తుండదు. ఇంతకంటే పెద్ద ప్రయోగం మన నేల మీదే రోజూ జరుగుతోంది. కడియం నర్సరీల్లో మొక్కలకు మట్టి పట్టేవారిలో, మల్లెతోటల్లో తెల్లవారుజామున మొగ్గలు కోసేవారిలో, గుంటూరు మిర్చి కళ్లాల్లో కాయలు ఏరేవారిలో, పచ్చళ్లు తయారుచేసి అమ్మే చోట్ల ముక్కలు కోసి కలిపేవారిలో ఎక్కువమంది స్త్రీలే. వాళ్లలో ప్రతి రోజూ ఎంతో కొంతమంది నెలసరిలో ఉంటారు, ఎవరూ వాళ్లను తేదీ అడగరు. ఆ మల్లెలు దేవుడి మెడలోకీ పోతున్నాయి, ఆ పచ్చడి సీసాలు అమెరికాకూ పోతున్నాయి. చేతిలో విషం ఉంటే ఈ వ్యాపారాలు ఒక్క ఏడాది కూడా నిలవవు. కూలి చేసే చేతికి వర్తించని నియమం ఇంటి కోడలి చేతికి వర్తించిందంటే, అది శరీరధర్మం నుంచి వచ్చింది కాదు, ఇంటి అదుపు నుంచి వచ్చింది.

మూడో అభ్యంతరం శాస్త్రాన్ని అభిమానించేవారి నుంచి వస్తుంది. వైద్యులు తప్పు చేశారు, వైద్యులే దిద్దుకున్నారు, ఇక నింద ఎందుకంటారు. దిద్దుకోవడం నిజం, జోండెక్, పికిల్స్ లాంటివారికి మనం రుణపడి ఉన్నాం. కానీ ఆ దిద్దుబాటు జరిగేలోపు ఏం పోయిందో లెక్క చూడాలి. పూల మీద, మొలకల మీద, ఎలుకల మీద ఖర్చయిన దశాబ్దాల్లో మొటిమలతో, దద్దుర్లతో, నొప్పితో వచ్చిన స్త్రీకి వైద్యుడి దగ్గర జవాబు లేదు. నెలసరికి ముందు మొటిమలు పెరుగుతాయని లోకంలో ఎంతోమంది ఆడపిల్లలకు తెలిసిన సంగతిని లెక్కపెట్టి చూడటానికి 2004 దాకా ఆగాల్సి వచ్చిందంటే, శాస్త్రం తన తప్పును దిద్దుకుంది కానీ తన ప్రాధాన్యాన్ని ఇంకా పూర్తిగా మార్చుకోలేదని అర్థం. ఆచారం ఆమెను దోషిగా చూసింది, ప్రయోగశాల అనుమానితురాలిగా చూసింది. రోగిగా, సాక్షిగా, తన శరీరం గురించి తెలిసిన మనిషిగా చూడటం ఇటీవలి సంగతి.

ఆ చూపు మన ఇళ్లలోకీ ఆస్పత్రుల్లోకీ రావాల్సిన అవసరం చాలా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 24 ఏళ్ల మధ్య స్త్రీలలో దాదాపు సగం మంది అప్పటికి నెలసరికి ఇంకా గుడ్డ వాడుతుండేవారు. ఉతికిన గుడ్డను ఎవరి కంటా పడకుండా చీకటి మూలన ఆరేయాల్సి వస్తే అది సరిగా ఆరదు, చెమ్మగా ఉన్న గుడ్డ ఒరిపిడికి తొడలు ఒరుసుకుపోతాయి, దురద, పుండ్లు వస్తాయి. నెలసరి వల్ల మన ఆడపిల్లల చర్మానికి జరిగే హానిలో ఈ వాటా హార్మోన్లది కాదు, ఈ దాపరికానిది. దాన్ని పోగొట్టడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు, గుడ్డను ఎండలో ఆరేయనిస్తే చాలు. మొటిమలు వచ్చిన పిల్లను తెల్లబరిచే క్రీముల చేతిలో పెట్టకుండా చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. నెలసరి తేదీలూ మొటిమలు పెరిగిన తేదీలూ మూడు నెలలు క్యాలెండరు మీద రాసిపెట్టమని పిల్లకు చెప్పండి. ఆ కాగితం డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది. డాక్టర్లు కూడా మొటిమలతో వచ్చిన ప్రతి స్త్రీనీ నెలసరి సంగతి అడగాలి. పెద్దవాళ్లు ఆవకాయకు తడి తగలకుండా చూసుకోండి, అది ఎవరి చెయ్యి అయినా సరే. నెలసరిలో ఉన్న చెయ్యి వల్ల లోకంలో ఏదీ పాడైనట్టు ఇంతవరకూ ఎవరూ నిరూపించలేకపోయారు.